రెండో బ్యాటరీ

ఊరి బయట ఆగి ఉన్న ఇంటిబండి. పట్టపగలు. బ్యాటరీల పెట్టె ముందు మరిది, తలుపు మెట్టు మీద వదిన.

“మళ్ళీ నీళ్ళు పోశారా అనడుగుతావేంటి? పోశాను. నువ్వు చెప్పిన బ్యాటరీ నీళ్ళే పోశాను. ఇంకో మాట చెప్పు.”

“అడగడం నా పని వదినా. పైన సోలార్ ప్లేట్లు తుడిచారా?”

“అద్దంలా ఉన్నాయి. ఎక్కి చూస్కో, నీ మొహం కనిపిస్తుంది.”

“అబ్బబ్బా! చూస్తున్నాగా, కాస్త ఆగండి.”

“ఆగడానికి టైమేదీ? రేపు పొద్దున్న మీ అన్నయ్యని ఆస్పత్రి నుంచి పంపిస్తామంటున్నారు. ఊపిరి మిషన్ ఆ రాత్రిలా ఆగిపోకుండా తెల్లార్లూ నడుస్తుందని నేను మాటిస్తేనే. ఇల్లు అమ్మేసి ఈ బండెక్కాం. ఆయన్ని తీసుకెళ్ళడానికి నాకింకో గడప లేదు. నడుస్తుందా, నడవదా? ఒక్క ముక్క చెప్పు.”

“మీటర్ పన్నెండున్నర వోల్టులు చూపిస్తోంది. బ్యాటరీలు బానే ఉన్నాయి.”

“ఉత్తప్పుడు అన్నీ బానే ఉంటాయి. కెటిల్ పెట్టనా?”

“వద్దొద్దు, అంత లోడు ఒక్కసారి—”

“పెట్టేశా.”

“అరెరే, మీటర్ పడిపోతోంది!”

“ఏంటా కూత?”

“ఇన్వర్టర్. వోల్టేజి పడిపోతే అలా అరుస్తుంది. పదిన్నరకి దిగింది. కెటిల్ తీసెయ్యండి. ఇన్వర్టరే పోయుంటుంది, అది మారిస్తే—”

“అది ఉన్నమాట చెప్తుంటే దాన్నే మారుస్తానంటావేంటయ్యా?”

“అయితే వైరేదో వదులై ఉంటుంది.”

“ఇందాకే బిగించావుగా. చేతులు నల్లబడేదాకా బిగించావు.”

“మరి అన్నయ్యే ఏదో ఎక్కువ వాడి—”

“ఆయన మీదకి తోశావంటే ఊరుకోను. రెండు బ్యాటరీలూ విడదీసి ఒక్కోటీ చూడు.”

“ఇప్పుడవన్నీ ఎందుకు వదినా—”

“విడదీస్తావా, స్పానర్ నన్ను పట్టుకోమంటావా?”

“విడదీస్తున్నా, విడదీస్తున్నా. ఇదిగో మొదటిది. పెట్టండి కెటిల్… పన్నెండు దగ్గర నిలబడింది.”

“రెండోది?”

“అదీ బానే ఉంటుంది.”

“చూడకుండానే?”

“…పెట్టండి.”

“అరుస్తోంది.”

“వినపడుతోంది వదినా.”

“రెండూ ఒకే రోజు పెట్టావుగా. ఒకటి రాయిలా ఉంటే ఇదెందుకు చచ్చింది? అటు కాదు, నన్ను చూసి చెప్పు.”

“అది… అది కొత్తది కాదు.”

“ఆఁ?”

“ఆ రోజు నా షాపులో కొత్తది ఒక్కటే మిగిలింది. అన్నయ్యేమో తెల్లారి బయల్దేరాలని ఒకటే తొందర. వేరే బండిలోంచి విప్పినది తుడిచి, కొత్త స్టిక్కర్ అంటించి పెట్టేశా. వారంలో మార్చేద్దామనుకున్నా.”

“ఏడాది దాటింది. నీ వారానికి ఎన్ని రోజులయ్యా? కొత్తదానికి పాతది జత కట్టకూడదని షాపు గోడ మీద రాసిపెట్టింది ఎవరు? ఎర్ర రంగుతో, ఇంతింత అక్షరాలతో?”

“నేనే.”

“పాతది కొత్తదాన్ని కూడా పీల్చేస్తుందని పాఠాలు చెప్పేవాడివి. సొంత అన్నకి మాత్రం జత కట్టావు. ఆగిన చోటల్లా ఆయన పక్క బండ్లవాళ్ళని పిలిచి మరీ ఆ పెట్టె తెరిచి చూపించేవారు, తెలుసా? మా తమ్ముడి చేతి పని అని! తెల్లారేసరికి ఇన్వర్టర్ అరుస్తోందని నేను నెలనెలా ఫోన్ చేసి మొత్తుకుంటే నువ్వేమో నీళ్ళు పొయ్యండి, ప్లేట్లు తుడవండి. సిగ్గు లేదూ?”

“ఉంది. ప్రతిసారీ చెప్దామనే అనుకునేవాణ్ణి. మీ తిట్లతోనే ఫోను అయిపోయేది. తర్వాత మూడు నెలలుగా మీరు ఫోనే చెయ్యలేదు. ఎలాగో సర్దుకుందనుకున్నా.”

“నేనూ అదే అనుకున్నా. పొద్దున లేస్తే లైట్లు వెలిగేవి. ఇన్వర్టర్ కిక్కురుమనేది కాదు.”

“మరి ఆ రాత్రి ఒక్కసారిగా… వదినా, నన్ను చెప్పుతో కొట్టండి. నా బ్యాటరీ దిగిపోయే అన్నయ్య మిషన్ ఆగింది. నేనే చేశా ఇదంతా. సాయంత్రంలోగా కొత్తది తెచ్చి పెడతా, నా షాపు మీద ఒట్టు. రేపు అన్నయ్యని తెచ్చుకోండి, రాత్రంతా నడుస్తుంది.”

“నడుస్తుంది. ఆయన ఆపకపోతే.”

“ఏంటీ?”

“ఆ మిషన్ ఎన్ని గంటలు నడిచిందో, ఎలా ఆగిందో అన్నీ లోపల దాచుకుంటుందట. నిన్న డాక్టరు తీసి చూపించారు. కరెంటు పోయి ఆగలేదు. మూడు నెలలుగా, నేను నిద్రపోగానే ఆయనే మీట నొక్కి ఆపేసుకుంటున్నారు.”

“అన్నయ్యా? ఎందుకు?”

“అడిగాను. గొంతింకా పెగలడం లేదు కదా, కాగితం మీద రాసిచ్చారు. అది చదివాకే నిన్ను పిలిచాను. తప్పంతా నీదేనని తేలితే బావుండుననుకున్నా.”

“ఏం రాశాడు వదినా?”

“‘పొద్దున్నకి బ్యాటరీ దిగిపోతే నువ్వు మళ్ళీ తమ్ముణ్ణి తిడతావు’ అని.”