తార్నాక గోడకు దగ్గు

తార్నాకలో మా ఇరానీ హోటల్‌కి పెయింటర్ ఉమాపతి వచ్చాడంటే మేం హాస్టల్ వాళ్లం క్లాసు ఎగ్గొట్టి మరీ చేరేవాళ్లం. అరవై ఏడులో సంగతి. ఆ రోజు ఎదురు బల్ల మీద రిక్షా లచ్చయ్య దగ్గుతూ కూర్చున్నాడు. రెండు నెలల దగ్గు. ఎక్స్‌రే తీయించుకునేదాకా పసిబిడ్డను ముట్టొద్దని భార్య పోచమ్మ తేల్చి చెప్పింది. ఎక్స్‌రే తీసే టీబీ వ్యానేమో ఆ సాయంత్రమే వెళ్లిపోతుంది.

"వ్యాన్ గురించి గోడ మీద రాసింది నువ్వేనటగా అన్నా?" అని ఎగదోశాను.

"నేనే. పెద్ద పనేం కాదు తమ్మీ. వ్యాన్ డాక్టర్ సాబ్ వచ్చి, ఉమాపతీ, రిక్షావోళ్లు, కార్ఖానావోళ్లు టీబీ అంటేనే ఉరుకుతున్నరు, నువ్వే ఏమన్న చెయ్యి అన్నడు. సరే అని యూనివర్సిటీ తొవ్వల గోడ పట్టిన. గోడంత ఛాతీ, లోపల పక్కటెముకలు, మీద ఎర్ర రంగుల 'దగ్గుకు సిగ్గేంది? చొక్కా విప్పు!' గంతే. పొద్దుగాల లాలాగూడ వర్క్‌షాప్‌కు పోయేటోళ్లు చూసిండ్రు, గాడనే విప్పిండ్రు. చొక్కాలు కుప్ప పడ్డయి, ఎవనిది ఎవనికి పోయిందో ఇప్పటికీ తేలలే. ప్రొఫెసర్ సాబ్ ఒకాయన పాఠం చెప్పుకుంటనే కోటు గుండీలు తీసిండు."

"పాఠం ఆపలేదా అండీ?" అన్నాడు పక్క బల్ల దగ్గర కూర్చున్న గుమాస్తా రత్నకుమార్. గుంటూరు మనిషి, ఎవరినైనా మర్యాదగానే అడుగుతాడు.

"ఎందుకు ఆపుతడు? ఆ తర్వాత ఏమైందో తెలుసా? మూడో దినం గోడ దగ్గింది. సున్నం పెచ్చులు రాలినయి. ఏం చేస్త, దగ్గుమందు సున్నంల కలిపి ఒక పూత వేసిన, నిమ్మళమైంది. గంతల్నే పక్క పట్టాల మీద గూడ్సుబండి వచ్చింది. ఇంజన్ నా బొమ్మ చూసి ఆగింది, ఖళ్‌మని దగ్గింది, కదలనంటది. దానికి గూడ ఎక్స్‌రే తీసిండ్రు."

"ఏం కనబడింది?"

"ఏం కనబడ్తది, బొగ్గు! డాక్టర్ సాబ్ పరేషాన్ అయిండు. ఫోటో అంత నల్లగున్నదే అన్నడు. నేనే సముదాయించిన. అసలు ముచ్చట ఇంక ఉన్నది. అంబర్‌పేట్ దిక్కు సమాధులల్లకెళ్లి ఇద్దరు లేచొచ్చి లైన్ల నిలబడ్డరు."

"వాళ్లకూ తీశారా?"

"ఎక్స్‌రే ఎందుకు? ఎముకలు గట్లనే కనబడ్తున్నయి గద. చూసి వాపస్ తోలిండ్రు."

రత్నకుమార్ గంభీరంగా తలాడించాడు. లచ్చయ్య దగ్గు ఆపుకుని చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"అన్నా, నీ గోడ జూసినంక నాకు నిజంగనే భయం పోయింది. నాలుగు దినాల సంది రిక్షా తొక్కుకుంట ఆ వ్యానే దేవులాడుతున్న. యాడ నిలబడ్తదో నీ గోడ మీద లేదేంది?"

ఉమాపతి సాసర్‌లో చాయ్ పోసుకోవడం మొదలుపెట్టాడు.

"నేను కూడా రెండుసార్లు వెతికానండీ," అన్నాడు రత్నకుమార్.

నిజం చెప్పాలంటే మేమూ వెతికాం. పైకి అనలేదు.

"జాగ యాడున్నది?" అన్నాడు ఉమాపతి చివరికి. "అడ్రస్ అడుగున రాద్దామనుకున్న. పక్కటెముకలకే గోడ అయిపోయింది. ఆఖరి ఎముక దగ్గర బాగ కుదిరింది, తుడవబుద్ధి కాలే."

"మరి వ్యాన్ యాడున్నది?"

"క్యాంపస్‌ల, నీళ్ల టాంకి ఎనక."

లచ్చయ్య లేచి, బయట నిలబెట్టిన రిక్షా సీటు కండువాతో దులిపాడు. "ఎక్కు. ఐదింటికి పోతదట. నువ్వే చూపియ్యి."

"నేనెందుకు?"

"ఊరంతటిని లైన్ల నిలబెట్టినవు గద. మొదలు నువ్వే నిలబడు, నీ ఎనక నేనుంట."

మేమందరం చూస్తుండగా ఉమాపతి ఎక్కక తప్పలేదు. రిక్షా కదిలింది, మేమూ పక్కనే నడుస్తూ మలుపు దాకా పోయాం. అక్కడ ముందుకు వంగి లచ్చయ్య చెవిలో అతనడిగిన మాట మాకు కూడా వినబడింది.

"లచ్చయ్యా, అది తీస్తే నొప్పి అయితదారా?"