కుడితి డ్రమ్ము

ఆదోని బస్టాండు పక్క టీ హోటలు వెనక, కుడితి డ్రమ్ముకు మూత బిగించి దాని మీద చెయ్యేసి నిలబడ్డాడు హోటలు సాబు. మున్సిపాలిటీ ఆఫీసరు పొద్దున్నే నలుగురి ముందు కడిగేసిపోయిన మంట అతనిలో ఇంకా చల్లారలేదు. అప్పుడే పాలక్యానుతో, ఖాళీ బిందెతో, తన గేదెల పాలు రోజూ ఆ హోటలుకు పోసే ఎనుముల హులిగమ్మ వచ్చింది.

"చెయ్యి తియ్యి సాబ్. ఎనుములు కాసుకోని ఉండాయి."

"ఇంక దీన్ని ముట్టొద్దు. హోటళ్ల తడిచెత్త మున్సిపాలిటీ బండికే ఇయ్యాలంట. రూలొచ్చింది. ఎరువు సేస్తారంట."

"తడిచెత్త యాడుంది? ఇది కుడితి."

"గంజి, తొక్కలు, మిగిలిన ఉగ్గాని. రూల్లో దాని పేరు తడిచెత్తే."

"మీ నాయన కాలం నుంచి దీని పేరు కుడితి. ఒక్క మెతుకు గూడా పారబోయకుండా నా ఎనుములే తింటాండాయని ఆ ఆఫీసరుకు సెప్పినావా?"

"నీ ఎనుముల కోసం నేను ఆఫీసరుతో కొట్లాడల్నా?"

"నోరు లేదా నీకు?"

"చెత్త కోసం ఇంత రచ్చేంది? పో ఈడ నుంచి!"

"ఏమంటివి?"

"చెత్త అన్నా. చెత్త!"

హోటల్లోంచి ఎవరో టీ కోసం కేకేశారు. సాబు పాలక్యాను కోసం చెయ్యి చాపాడు. ఆమె దాన్ని వెనక్కి లాక్కుంది.

"ఏయ్, పాలు యాడికి తీస్కపోతాండావ్?"

"చెత్త తిన్న ఎనుము పాలు సాబ్. నీ గిరాకీలకు ఎట్ల పోస్తావ్?"