అర మెట్టు దిగిన పాట

1989 జూన్ 12న, ఇరవై ఒక్క ఏళ్ళ వయసులో, అరువు తెచ్చుకున్న ఎత్తు మడమల చెప్పులతో ఆమె మా సంగీత బృందంలో గాయనిగా చేరారు. మొదటి పాట సగంలోనే ఆ చెప్పులను వేదిక అంచున విడిచి, మిగతా సగం ఆడుతూ పాడారు. ఒక్కచోట నిలవని ఆ పాదాలను చూసి మా డ్రమ్ములాయన పెట్టిన 'తూనీగ' అనే పేరే తరువాత గోడపత్రికలకెక్కింది.

తొలి నాలుగేళ్ళు పెళ్ళి విందుల్లో, కార్మికుల క్యాంటీన్లలో పాడిన ఆమె, 1993లో వచ్చిన తొలి క్యాసెట్టుతో ప్రతి బస్సులోనూ వినిపించారు. టెలివిజన్ వచ్చి పిలిచింది. పెద్ద మైదానాలూ పిలిచాయి. అయినా ఆమె ప్రతిభకు నిజమైన కొలత, కరెంటు పోయి మైకు మూగబోయిన ఒక సాయంత్రం. రెండు వేల మంది మధ్యకు దిగి, "వెనకున్న అన్నయ్యలూ, వినపడలేదని అలగడమెందుకు, ముందుకొచ్చి కూర్చోండి" అని, గంటసేపు ఒట్టి గొంతుతో పాడి నవ్వించారు.

నేను బడిలో పాఠాలు చెప్పుకుంటూ ఈ బృందానికి పాటలు రాసేవాడిని. నా భార్య కీబోర్డు వాయించేది. గాయని ఆమెను అక్కా అని, నన్ను బావగారూ అని పిలిచేవారు. పాటకు ముందు అక్క ఒక స్వరం మీటేది. ఈమె కళ్ళు మూసుకుని అందుకునేవారు. అది ఏ శ్రుతి అని ఏనాడూ అడగలేదు.

తొమ్మిదేళ్ళ క్రితం గొంతు జబ్బు చేసి కోలుకున్నాక, పై స్థాయి చరణాలు ఆమెకు కష్టమయ్యాయి. నా భార్య చెప్పకుండా శ్రుతిని అర మెట్టు దించింది. తరువాత ఇంకో అర మెట్టు. బృందమంతటికీ తెలుసు, ఆమెకు తప్ప. మేం దాన్ని దయ అనుకున్నాం. చెప్పి ఉండవలసిందని ఇప్పుడు అనుకుంటున్నాను.

గత ఫిబ్రవరిలో నా భార్య మరణించింది. ఏప్రిల్ కచేరీలో, ఏమీ తెలియని కొత్త కీబోర్డు కళాకారిణి తొలి క్యాసెట్టులోని శ్రుతినే ఇచ్చింది. రెండో చరణంలో గాయని గొంతు చీలింది. "తూనీగకి రెక్క పట్టేసిందండీ" అని ఆమె నవ్వి, మిగతా కార్యక్రమం కబుర్లతో నడిపించారు. మర్నాడు గిటారు వాయించే మిత్రుడు ఆమెకు నిజం చెప్పాడు. ఆమె విరమణ లేఖ రాసి, వీడ్కోలు కచేరీ వద్దన్నారు.

ఆ వారమే మా ఇంటికి వచ్చారు. కూర్చోలేదు.

"తొమ్మిదేళ్ళుగా జనం చప్పట్లు కొట్టింది నా గొంతుకా, అక్క వేళ్ళకా?"

నా భార్య శ్రుతులు రాసుకునే పుస్తకం తెచ్చి ఇచ్చాను. ఆమె నిలబడే చదివారు: 'ఈరోజు అర మెట్టు దించాను. గొంతులో కొత్త లోతు వినిపించింది. పైకి పాడిన రోజులకంటే నాకిదే ఇష్టం. చెప్పాలి.' మరి కొన్ని పేజీల తరువాత మళ్ళీ, 'చెప్పాలి.'

అప్పుడు కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"చెప్పుంటే పోట్లాడేదాన్ని బావగారూ."

"ఆమెకూ తెలుసమ్మా. అందుకే వాయిదా వేసింది."

"పెన్నివ్వండి."

ఆ పుస్తకంలోనే వీడ్కోలు కచేరీ తేదీ వేసి, తొలి క్యాసెట్టులోని మొదటి పాటకు ఇంకో అర మెట్టు కింద శ్రుతిని తమ చేత్తోనే రాశారు. ఈ సంగతి వీడ్కోలు సంచికలో రాయవచ్చా అని అడిగాను. "రాయండి. దాస్తే అక్క మీద నాకు కోపం ఉందనుకుంటారు" అన్నారు.

ఈ సంచిక మీ చేతికి అందే సాయంత్రమే ఆ పాట పాడతారు. ఏ శ్రుతిలో పాడుతున్నారో ముందు తామే ప్రకటిస్తారు. ఆ పుస్తకాన్ని నేను ఆమెకే ఇచ్చేశాను. అందులో ఇంకా పద్దెనిమిది ఖాళీ పేజీలున్నాయి. పూర్ణారోగ్యంతో ఆమె ఇక ఇంట్లో, మనవరాలి పక్కన, తమకు నచ్చిన శ్రుతిలో పాడుకునే పాటలకు ఆ పేజీలు చాలనంత కాలం జీవించాలని మనసారా కోరుకుంటున్నాను.