ప్రూయిట్ సార్జెంట్ బోర్డుకి వెళ్లిన రోజు

తుపాకీని శుభ్రం చేయడం కంటే దానిని తిరిగి అప్పగించడానికే ఎక్కువ కాలం పడుతుందన్న సంగతి సైన్యంలో ఎవరూ ఎవరికీ ముందుగా చెప్పరు. ఆయుధాల గది కిటికీ ముందు నిలబడ్డాక తెలుస్తుంది. లోపలి మనిషి ఒక తెల్లటి దూదిపుల్లను గొట్టంలో తిప్పి, దాని కొనకు అంటిన మసిని ఒక క్షణం చూసి, తుపాకీని వెనక్కి ఇచ్చేస్తాడు. ఇచ్చినవాడు మళ్లీ వరండాలో చతికిలబడతాడు. అలా చతికిలబడ్డవాళ్ల మధ్య నుంచే లోకంలోని చాలా కోతలు పుట్టి ఉంటాయి. చేతులకు పని ఉండి నోటికి లేనప్పుడు మనిషి నిజంతో సరిపెట్టుకోలేడు.

ఆ మధ్యాహ్నం స్పెషలిస్ట్ హోదాలో ఉన్న మరిసోల్ ఒకాంపో తుపాకీ మూడోసారి తిరిగి వచ్చింది. ఆమెకు ఆ ధ్యాస లేదు. మోకాలి కింద దాచుకున్న చిన్న అట్టకార్డుల మీదే ఉంది మనసంతా. మర్నాడు ఉదయం తొమ్మిదింటికి ఆమె, పైవాళ్లు ప్రశ్నలడిగి తేల్చే ప్రమోషన్ బోర్డు ముందు నిలబడాలి. నెగ్గితే సార్జెంట్ అవుతుంది. ఆరు నెలలుగా భుజాన సార్జెంట్ చారలు లేకుండానే ముగ్గురు కుర్రసైనికులను తన చేతికింద పెట్టుకుని నడుపుతోంది. నెగ్గకపోతే, వచ్చే నెల పటాలం సముద్రం దాటిపోతుంది, తిరిగివచ్చేదాకా బోర్డులు ఉండవు, ఆ ముగ్గురినీ ఎక్కడి నుంచో వచ్చిన కొత్త సార్జెంట్ చేతిలో పెడతారు. ఆ ముగ్గురిలో ఒకడైన టగల్ ఆమె పక్కనే కూర్చుని పళ్ల బ్రష్షుతో ఇనుప ముక్కను తోముతున్నాడు.

ఆమె దిగులు చదువు రాక కాదు. మొన్న ప్లటూన్ సార్జెంట్ తిబొడో సాధన కోసం ఉత్తుత్తి బోర్డు పెట్టి, సెలవుల నిబంధన ఎన్నో నంబరు పుస్తకంలో ఉందని అడిగాడు. ఆమెకు తెలియదు. తెలియదనడానికి నోరు రాక, తడుముకోకుండా ఒక సంఖ్య చెప్పేసింది. ఆయన చాలా మర్యాదగా, ఆ పుస్తకం తెచ్చి చూపించమన్నాడు. లేని పుస్తకం కోసం ఆమె ఆఫీసు అలమరాలన్నీ గంటసేపు వెతికింది. ఒప్పుకోవడం కంటే వెతకడమే సులువనిపించింది ఆమెకు.

ఆ కార్డులు ప్రూయిట్ కంటపడ్డాయి. స్టాఫ్ సార్జెంట్ డెల్మర్ ప్రూయిట్ ఆమె దళానికి పెద్ద. రేపు ఆమెను బోర్డుకి వెంటబెట్టుకు వెళ్లవలసినవాడు కూడా అతడే.

“ఆ అట్టముక్కలెందుకు, ఒకాంపో? నేను బోర్డుకి వెళ్లిన రోజు ఒక్కటంటే ఒక్క కార్డు పట్టుకెళ్లలేదు. బూట్లు తుడుచుకున్నాను, వెళ్లాను, పన్నెండు నిమిషాల్లో బయటికొచ్చాను. అంతే.”

“మొన్న పది నిమిషాలన్నారు సార్జెంట్,” అన్నాడు టగల్.

“మొన్న నువ్వు తొందరలో ఉన్నావు.”

ప్రూయిట్ “అంతే” అన్నాడంటే కథ అప్పుడే మొదలైందని అర్థం. పక్కవాళ్లు కాళ్లు ముడుచుకుని దగ్గరికి జరిగారు.

“తలుపు మీద ఒక్కసారే కొట్టాలి, తెలుసుగా. ఒక్కసారే కొట్టాను, కానీ ఎలా కొట్టాననుకున్నారు, లోపల గోడగడియారం ఆగిపోయింది, ఇప్పటికీ ఆగే ఉంది. సరే, వెళ్లాను. బల్ల వెనకాల నలుగురు ఫస్ట్ సార్జెంట్లు, నడుమ సార్జెంట్ మేజర్, ఆ మనిషి నవ్వి పదకొండేళ్లయిందని చెప్పుకునేవాళ్లు. కుడికి తిరగమన్నాడు, తిరిగాను. ఎడమకి తిరగమన్నాడు, తిరిగాను. వెనక్కి తిరగమన్నాడు చూడండీ, మడమ మీద అలా తిరిగేసరికి కింద గచ్చు గిన్నెలా గుంటపడింది. అందుకే ఆ గదిలో తివాచీ పరిచారు. లేకపోతే అక్కడ తివాచీ ఎందుకుంటుందో మీరే చెప్పండి.”

ఆ గదిలో తివాచీ ఉన్నమాట నిజం. ఒకాంపో చూసింది. ప్రూయిట్ కోతల బలం అక్కడే ఉంది: అందరూ కళ్లతో చూసిన మేకు ఒకటి గోడకు కొట్టి, దానికి ఏనుగును తగిలిస్తాడు.

ఆ తర్వాత ప్రశ్నలు. ఫస్ట్ సార్జెంట్లు ఒక్కొక్కరూ నాలుగేసి చొప్పున అడిగారట, అయిపోయాయట, మళ్లీ అడిగారట, అవీ అయిపోయాయట. పక్క పటాలం నుంచి ఇద్దరిని పిలిపించారట. చివరికి నిబంధనల పుస్తకాలన్నీ లారీలో తెప్పించి, ఏది తెరిచినా ఇతడు పుట సంఖ్యతో సహా అప్పజెప్పి, నూట నలభయ్యో పుటలో ఎవరో కాఫీ ఒలకబోశారని కూడా చెప్పాడట. తెరిచి చూస్తే మరక అక్కడే ఉందట.

“ఇంకా తడిగా ఉందా సార్జెంట్?” అని టగల్ వినయంగా అడిగాడు.

“నన్ను చెప్పనివ్వు. అప్పుడు పటం పరిచారు. ఈ గోధుమరంగు గీతలు ఏం చెబుతాయి అన్నారు. నేల ఎత్తు చెబుతాయి, కానీ ఈ కొండ దగ్గర గీత తప్పు గీశారు, నేనెక్కాను, కొండ రెండడుగులు పొట్టి అన్నాను. నమ్మలేదు. మనుషుల్ని పంపి కొలిపించారు. ఆపైన ఏం జరిగిందో ఊహించండి. పటాలు అప్పటికే లక్షల్లో అచ్చయిపోయాయి, మార్చలేరు. ఇంజనీర్లను పంపి కొండమీద రెండడుగుల మట్టి పోయించారు.”

వరండా అంతా నవ్వింది. నవ్వుతున్నకొద్దీ ప్రూయిట్ ముఖం గంభీరమవుతోంది. చివరికి సార్జెంట్ మేజర్ లేచి తన కుర్చీ చూపించి, బాబూ, నువ్విలా వచ్చి కూర్చో, మేం అటు నిలబడతాం అన్నాడనీ, తానే బోర్డు నడిపి ఆ అయిదుగురినీ ప్రశ్నించాననీ చెప్పాడు. “ముగ్గురు నెగ్గారు. మిగతా ఇద్దరినీ ఆర్నెల్లు చదువుకుని రమ్మన్నాను.”

ఒకాంపో నవ్వలేదు. కొండ సంగతి అబద్ధమని ఆమెకూ తెలుసు. అయితే పెద్ద అబద్ధాల కింద ఎక్కడో చిన్న నిజం ఒకటి ఉంటుందని, అది తనవంటివారికి అందనిదని భయపడేవాళ్లు ఉంటారు. ఆమె ఆ కోవకు చెందినది.

“మీకు తెలియని ప్రశ్న ఒక్కటి కూడా రాలేదా సార్జెంట్?”

“ఒక్కటి కూడా.”

ఆమె కార్డులన్నీ ఒకచోట చేర్చి రబ్బరు బ్యాండు తొడిగింది. తన పేరు ఈసారికి తీసేయమని, తాను సిద్ధంగా లేనని, తలెత్తకుండా చెప్పింది. ప్రూయిట్ తుపాకీ తుడుస్తున్న గుడ్డముక్కను ఒళ్లో పెట్టుకున్నాడు. ధైర్యం నూరిపోయడానికే అతడు అంతసేపూ చెప్పాడు పాపం. మోతాదు మించిపోయింది.

వరండా చివర బోర్లించిన పెట్టె మీద, తన తుపాకీని తానే తుడుచుకుంటూ కూర్చున్న తిబొడో అప్పుడు తల ఎత్తాడు.

“ఇతన్ని ఆ రోజు బోర్డుకి వెంటబెట్టుకు వెళ్లింది నేనే. తీసుకెళ్లినవాడు గోడవార కూర్చోవాలి, నోరు మెదపకూడదు. పద్నాలుగేళ్లయింది, ఇంతవరకూ మెదపలేదు.”

ప్రూయిట్ గుడ్డముక్కను మడతపెట్టడం మొదలుపెట్టాడు.

“అడిగినవి పదహారు. ఏడింటికి ఇతనికి జవాబు రాలేదు. ఏడుసార్లూ నిటారుగా కూర్చుని, సార్జెంట్ మేజర్ కళ్లలోకి చూసి, ఈ ప్రశ్నకు జవాబు ప్రస్తుతం నాకు తెలియదు అన్నాడు. ఇతన్ని బయటికి పంపాక ఇద్దరు వద్దన్నారు, ఇద్దరు సరేనన్నారు. తేల్చాల్సింది సార్జెంట్ మేజర్. తొమ్మిదింటికి జవాబు చెప్పాడు, ఏడింటికి అబద్ధం చెప్పలేదు, ఇతని కిందివాళ్లు బతుకుతారు, చారలు ఇవ్వండి అన్నాడాయన.” తిబొడో గొట్టాన్ని వెలుతురుకేసి పట్టి చూశాడు. “అబద్ధాలు ఆ తలుపు దాటాక మొదలెట్టాడు.”

నవ్వులు చాలాసేపు ఆగలేదు. టగల్ కళ్లు తుడుచుకున్నాడు. ఒకాంపో మాత్రం ప్రూయిట్ వైపే చూస్తోంది, ఆ మనిషిని మొదటిసారి చూస్తున్నట్లు.

తిబొడో పెట్టె మీద నుంచి లేచి, ఆమెను అక్కడ కూర్చోమన్నాడు. ఆమె వెన్ను నిటారుగా పెట్టి, అరచేతులు మోకాళ్ల మీద ఆనించి కూర్చుంది. మన పటాలం జెండాను మొట్టమొదట మోసినవాడెవరని అడిగాడాయన. ఆమె ఎన్నడూ విననిది. అయినా ఒక పేరు, ఎంతో నమ్మదగిన పేరు, నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె దానిని మింగేసింది. గుటక పడడం పక్కవాళ్లకు కూడా కనిపించింది.

“సార్జెంట్, ఈ ప్రశ్నకు జవాబు ప్రస్తుతం నాకు తెలియదు.”

“బాగుంది,” అన్నాడు తిబొడో. “పేరు తీసేయమంటావా?”

“వద్దు, సార్జెంట్.”

ప్రూయిట్ గొంతు సవరించుకున్నాడు. “బాగానే ఉంది గాని, ఇంకాస్త గట్టిగా అనాలి, ఒకాంపో. నేను అన్నప్పుడు పక్క ఊళ్లోవాళ్లకు కూడా తెలిసిపోయింది, నాకేమీ తెలియదని.”