నలభై ఏళ్ల మరక

కువైట్‌లో, షర్క్‌లోని హోటల్ లాండ్రీలోకి దీనమ్మ పరుగున వచ్చింది. పైన నాటకం మొదలవడానికి పావుగంటే ఉంది.

"రత్నమణక్కా, ఇంగ్లీషు నటిగారి శాలువా ఉతికేసేను."

"ఉతకటవే కదే మన పని!"

"దాని మీదున్నది మొదటి నాటకంలో పడ్డ రంగు మరకంట. నలభై ఏళ్లూ ఆ మరకతోనే స్టేజీ ఎక్కేరంట."

"పోయిందా?"

"ఆనవాల్లేదు."

"నీ చేతిలో పడితే ఉంటదా! తిట్టేరా?"

"తిట్టినా బాగుణ్ణు. అద్దం ముందు కూలబడి, నాటకంలో మాటలన్నీ మర్చిపోయేనంటన్నారు. ఆవిడ స్టేజీ ఎక్కకపోతే నా ఇఖామా ఖలాస్, ఇంటికి పంపేస్తానంటన్నాడు మేనేజరు."

"చేతిలో అదేటి?"

"లిప్‌స్టిక్. మరక మళ్లీ పెట్టమన్నారు."

"పెట్టెయ్యవే మరి!"

"ఎక్కడుండేదో గుర్తులేదక్కా."

"ఆవిణ్ణే అడుగు."

"అడిగేను. శాలువా తిప్పి తిప్పి చూసేరు. ఆవిడకీ గుర్తులేదు. తను చూడకుండా ఎక్కడో ఓచోట పెట్టి తెమ్మన్నారు."