అఫ్జల్‌గంజ్ చలాన్

పాతబస్తీలో కోర్టు వరండా. చలాన్ కేసు గెలిచి అప్పుడే బయటికొచ్చిన వేణుమాధవ్, అతని వెనకే వచ్చిన హెడ్ కానిస్టేబుల్ ఆగయ్య.

“నవ్వొస్తోందయ్యా హెడ్డూ, మిమ్మల్ని చూస్తుంటే! ఒక్క సిగ్నల్ చలాన్. మూడేళ్లు ఈడ్చి ఈడ్చి, చివరికి కేసు కొట్టేయించుకున్నారు. ఇంతమంది ఉండీ ఒక్క సాక్షిని తేలేకపోయారు.”

“బందోబస్తుకు పోయిండు సార్.”

“ఎప్పుడూ అదే పాట! ఒక వాయిదాకి బోనాలు, ఇంకో వాయిదాకి నిమజ్జనం, ఆ తర్వాత ఎలక్షన్లు. అవేవీ లేని రోజు జడ్జి గారికి సెలవు. ‘నేను గవర్నమెంటాఫీసులో సూపరింటెండెంటుని, ఇంకెన్నాళ్లమ్మా తిప్పుతారు?’ అని నిలదీశానివాళ. మీ సర్కారు వకీలు నోరెత్తితే ఒట్టు.”

“మస్తు మాట్లాడిన్రు సార్. ఎన్క కూసోని విన్న.”

“విన్నావా? నేర్చుకో మరి.”

“గని సార్... నడుమ చలాన్ల మీద డిస్కౌంటు ఇచ్చిన్రు గద. మందంత గప్పుడే కట్టేసిన్రు.”

“తప్పు చేసినవాడు కడతాడు. ఆ కారు నాది కానప్పుడు నేనెందుకు కట్టాలి?”

“ఫోటోల నంబరు మీదే ఉండె.”

“నంబరు ఎవడైనా రాయించుకుంటాడు. మొహం కనపడిందా? స్టీరింగ్ ముందు కోతిని కూర్చోబెట్టినా మీ ఫోటోలో అలాగే ఉంటుంది.”

“మొకం చూసింది మా కానిస్టేబుల్ ఇస్సాకు ఒక్కడే సార్. ఆపింది ఆయనే.”

“వాడు కోర్టుకి రాడుగా! ఇక వాడు చూస్తే ఎంత, చూడకపోతే ఎంత? ఆ సాయంత్రం నేను మలక్‌పేటలో, నా ఇంట్లో ఉన్నాను. కారు కింద ఉంది. ప్రమాణం చేసి చెప్పానుగా?”

“విన్న, విన్న. ఇంట్ల ఇంకెవరుండె సార్?”

“ఎవరూ లేరు. మా ఆవిడ పుట్టింటికెళ్లింది. నీకెందుకు?”

“ఊకెనే. మూడేండ్ల కిందటి ముచ్చట, గంత పక్కా ఎట్ల యాదున్నదా అని.”

“ఎందుకుండదు? మా ఇంటి ఓనరు కోటేశ్వరమ్మ మేడమెట్ల మీంచి పడి చచ్చింది ఆ సాయంత్రమే. గయ్యాళిది. పీడా వదిలింది.”

“మీకూ ఆమెకూ లొల్లి నడుస్తుండెనట?”

“ఇల్లు ఖాళీ చెయ్యమని రోజూ గుమ్మంలో రభస. నేను కదిలితేగా! ...ఆగాగు. ఇవన్నీ ట్రాఫిక్ వాళ్లకెందుకయ్యా?”

“నేను ట్రాఫిక్ కాదు సార్. క్రైమ్.”

“క్రైమా?”

“పోయిన నెల ఆ ముసలమ్మ కేసు మళ్ల తీసిన్రు. ఆమె పడలే సార్. ఎవడో నూకిండు. బిల్డింగ్‌ల ఉన్నోళ్లందరినీ చూస్తున్నం. మీ పేరైతే ఫస్టే కొట్టేసినం.”

“పర్లేదే. మీ డిపార్ట్‌మెంట్లోనూ బుర్ర ఉన్నవాళ్లున్నారన్నమాట.”

“బుర్ర కాదు సార్, ఫోటో. ఆమె పడ్డ టైముకు మీ కారు అఫ్జల్‌గంజ్ సిగ్నల్ కాడ ఉన్నది. మీరు గాడ ఉన్నరు, ఇంట్ల లేరు అనుకున్నం.”

“అనుకున్నారంటే?”

“ఇప్పుడేమో ఆ కారు మీది కాదంటిరి. ఇంట్లనే, ఒక్కలే ఉన్ననంటిరి. జడ్జమ్మ ముంగట ప్రమాణం చేసి చెప్తిరి. నడువుండ్రి సార్, స్టేషన్‌కు పోదాం.”

“ఒక్క నిమిషం... హెడ్డు గారూ, ఒక్క నిమిషం. ఆ కారు నాదే.”

“గట్లనా?”

“నాదేనండీ! సిగ్నల్ దాటింది నేనే. కోర్టులో ఏదో మాటవరసకి...”

“కోర్టుల ఒకటి, వరండల ఒకటి. ఏది పట్టుకోవాలె సార్?”

“మీ ఇస్సాకు గారు చూశారండీ నన్ను! కారాపి దిగమన్నారు, నేను ఆయన్ని నానా తిట్లూ తిట్టాను. ఆయన మర్చిపోరు. ఒక్కసారి పిలిపించండి. మీ కాళ్లు పట్టుకుంటాను, ఇప్పుడే పిలిపించండి!”

“బందోబస్తుకు పోయిండు సార్.”