దేవన్న మీసం, సోయా రొట్టె

దేవన్న అని ఉండెగద, జాతరల్ల కుస్తీలు పట్టినోడు. ఆయన మీసం సూస్తే ఏడ్సే పిల్లలు నోరు మూస్తరు అనుకో. ఆయన పెండ్లాం రుక్కుబాయి. ఆమెకు ముట్టు ఆగినకాడికెల్లి ఒంట్లకెల్లి ఒకటే ఆవిర్లు. కూసుంటె చెమట, పంటె చెమట. దవఖాన నర్సమ్మ దగ్గరికి పోతే ఆమె అన్నదంట, "అక్కా, ఇన్నేండ్లసంది సోయా పండించి అమ్ముకుంటున్నరు, ఒక్క గింజన్న నోట్లేసుకున్నరా? దాంట్ల ఐసోఫ్లేవోన్లని ఉంటయి. వాటితోని కొందరికి ఈ ఆవిర్లు కొంచెం తగ్గుతయి, అందరికీ కాదు. పచ్చిది తినకు, కడుపుబ్బుతది. నానబెట్టి, మంచిగ ఉడకబెట్టి, ఎండినంక జొన్నల్ల కలిపి గిర్నీల పట్టించు. ఆ ఐసోఫ్లేవోన్ల గోలీలు మాత్రం డాక్టర్ని అడగకుండ మింగకు" అని. ఆ పేరు నాకు నోరు తిరగదు గని, ఆమె చెప్పింది గదే.

సరే, రుక్కుబాయి పట్టించింది, రొట్టెలు కొట్టింది, మొగనికి పెట్టింది. ఏమైందంటే, దేవన్న గడ్డం గీయించుకోను పోతే ఆడ ఎవడో అన్నడంట, సోయా తింటే మొగోళ్లకు మీసాలు రాలుతయని. అంతే, ఉరికొచ్చిండు. "నా మీసం తీస్తవానే? నా ఇంట్ల ఆ పిండి కనవడొద్దు!" అన్నడంట. మరి వాళ్లింట్ల పద్ధతేందంటే, పెండ్లయిన నాటిసంది ఇద్దరికి ఒక్క పిండి, ఒక్క పళ్లెం. తనకొక్కదానికి వేరే రొట్టె కొట్టుకునుడు రుక్కుబాయికి మనసొప్పలే. పిండి మూటగట్టి అటక మీద పెట్టింది.

ఇగ ఒకనాడు చేన్ల కలుపు తీస్తున్నరు. ముసురు పట్టింది. అందరు చలికి గొంగళ్లు కప్పుకుంటే, ఈమె లేసి తాగే నీళ్ల బిందె నెత్తి మీద కుమ్మరించుకున్నదంట! కుమ్మరించుకొని, గట్టు మీద కూసొని ఏడ్సిందంట. దేవన్న సూసిండు. అయ్యో, నా మీసం కోసం ఇది గింత గోస పడుతున్నదా, అనుకున్నడంట. ఇంటికొచ్చి ఆ మూట ఆయనే దించిండు. "కొట్టవే రొట్టెలు. పోతే పోనీ మీసం. నువ్వు సల్లగుంటే సాలు" అన్నడంట. ఒక చేత్తోని మీసం పట్టుకొని, ఇంకో చేత్తోని రొట్టె తుంచుకొని తిన్నడంట. కండ్లల్ల నీళ్లు గూడ పెట్టుకున్నడంట, ఆమె కోసమో మీసం కోసమో ఎవరికెరుక!

నర్సమ్మకు తెలిసి పడి పడి నవ్వింది. "అన్నా, తిండి లెక్క తింటే మీసానికేం గాదు, ఎవడో ఉత్తగ కూసిండు" అన్నదంట. రుక్కుబాయికి ఆవిర్లు పూరాగ పోలే గని, మెల్లమెల్లగ తగ్గినయి. రొట్టెతోని తగ్గినయో, మొగడు మూట దించినందుకు తగ్గినయో నేనైతే చెప్పలేను. మీసమంటరా? ఏడ పోతది, అట్లనే ఉంది. కాకుంటే ఇప్పుడు రుక్కుబాయి కండ్లు ఉరిమితే కిందికి వాలుతది, అంతే.